ఒకే తోట, ఐదు సంవత్సరాలు: బోర్డో రెడ్ వైన్‌ను రుచి చూసి తూకం వేయడం ఎలా

మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డున్న కొట్టుకి వెళ్లి వైన్ అడిగితే కౌంటర్ వెనక అబ్బాయి ఒక్క క్షణం తెల్లమొహం వేస్తాడు. విస్కీ, బ్రాందీ, బీరు వరసగా పేర్చి ఉంటాయి. వైన్ సీసా ఏ పై అరలోనో దుమ్ము పట్టి ఉంటుంది. అలాంటప్పుడు ఫ్రెంచ్ రెడ్ వైన్ గురించి తెలుగులో ఇంత పొడుగు వ్యాసమా అని మీకనిపిస్తే తప్పు లేదు.

నేను ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉద్యోగం చేస్తాను. అక్కణ్ణుంచి రెడ్ వైన్‌కి పేరుపడ్డ బోర్డో రైల్లో రెండు గంటలు. ఆఫీసులో కొందరం కలిసి ఏడాదికి మూడు నాలుగు సార్లు సీసాలు పోగేసి రుచి చూస్తాం. మొదటి రెండేళ్లు నేను నోరెత్తలేదు. వాళ్లు బ్లాక్‌కరెంట్ అంటారు, సెడార్ చెక్క అంటారు, వయొలెట్ పువ్వులంటారు. వాటిలో ఒక్కటీ నేను చిన్నప్పుడు తిన్నదీ కాదు, వాసన చూసిందీ కాదు. తర్వాత ఒకరోజు వెలిగింది. రెడ్ వైన్‌ని తూకం వేయడానికి అన్నిటికన్నా అవసరమైన మాట నాకు పుట్టుకతోనే వచ్చింది: వగరు. షడ్రుచుల్లో ఒకటిగా దాన్ని లెక్కపెట్టి, ఉగాది పచ్చడిలో మామిడి పిందె వేసి మరీ నేర్పించారు. కాబట్టి ఈ పద్ధతంతా మూడు తెలుగు మాటల మీద నడుస్తుంది: పండు, పులుపు, వగరు. ఒక ఏడాది వైన్‌కీ మరో ఏడాది వైన్‌కీ తేడా ముప్పాతిక వంతు ఈ మూడింటి మధ్యే ఉంటుంది.

1. ఏ సీసాలు కొనాలి

సంవత్సరాల తేడా పట్టుబడాలంటే మిగతావన్నీ ఒకటే ఉండాలి. ఒకే షాటో (అంటే ద్రాక్షతోట, వైన్ తయారీ రెండూ ఉన్న ఎస్టేటు), ఒకే లేబుల్, వేర్వేరు ఏళ్లు. దీన్ని వర్టికల్ అంటారు. ఒకే ఏడాదివి, వేర్వేరు షాటోలవి పెడితే హారిజాంటల్. మొదటిసారి వర్టికలే పెట్టుకోండి, అదీ బోర్డోలో నది ఎడమ ఒడ్డున ఉండే మెదోక్ ప్రాంతంది.

ఎందుకంటే బోర్డోలో జిరోండ్ నదికి, గారోన్‌కి ఎడమ ఒడ్డున గులకరాళ్ల నేల. అక్కడ రాజ్యం కాబెర్నే సొవిన్యోన్ ద్రాక్షది. కుడి ఒడ్డున సెంట్-ఎమిలియోన్, పొమెరోల్ వైపు బంకమన్ను, సున్నపురాయి ఎక్కువ. అక్కడ మెర్లో. మెర్లో తొందరగా పండుతుంది. కాబెర్నే ఆలస్యంగా, సెప్టెంబరు ఆఖర్లోనో అక్టోబరులోనో కోతకి వస్తుంది. సరిగ్గా అప్పుడే అట్లాంటిక్ నుంచి వానలు మొదలవుతాయి. కోతల ముందు వాన ముసురుకుంటే వరి రైతు పడే టెన్షన్ మనకి తెలుసు కదా, అక్కడా అంతే. అందుకే ఆ ఏడాది వాతావరణం కాబెర్నే మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పెద్ద పేర్ల జోలికి వెళ్లొద్దు. 1855లో పారిస్ ఎగ్జిబిషన్ కోసం మూడో నెపోలియన్ తయారు చేయించిన జాబితాలో రెడ్ వైన్ షాటోలు ఇప్పుడు 61 ఉన్నాయి, ఐదు తరగతులుగా. లాఫీట్, లాటూర్, మార్గో, ఓ-బ్రియోన్ మొదటి తరగతి. మూటోన్ రోత్‌షీల్డ్‌ని 1973లో రెండో తరగతి నుంచి పైకి తెచ్చారు. ఇవి మన నెల జీతాలతో ఆడుకుంటాయి. ఆ జాబితాలో లేని మెదోక్ షాటోలకి ఇచ్చే 'క్రూ బూర్జువా' అన్న గుర్తింపు లేబుల్ మీద ఉన్నవి నేర్చుకోవడానికి బ్రహ్మాండంగా సరిపోతాయి. మేం పెట్టిన వర్టికల్ మెదోక్‌లోని సెంట్-ఎస్టెఫ్ ఊరి చివర ఒక మామూలు షాటోది. ఐదు సీసాలు: 2005, 2009, 2010, 2013, 2016.

ఈ ఐదింటినీ ఊరికే ఏరలేదు. 2005లో వేసవంతా నీటి ఎద్దడి, కానీ ఎండ శ్రుతి మించలేదు. అన్నీ సమపాళ్లలో కుదిరిన ఏడాది. 2009 వెచ్చటి ఏడాది. పండు బాగా మాగింది, వగరు మెత్తబడింది. 2010లో పగలు ఎండ, రాత్రి చలి. అందుకే పండు, పులుపు, వగరు మూడూ గట్టిగా ఉన్నాయి. 2013 ఏడుపుగొట్టు ఏడాది. వసంతమంతా చలి, వాన. మెర్లో పూత రాలిపోయింది, సెప్టెంబరులో కుళ్లు పడుతుందన్న భయంతో చాలామంది ద్రాక్ష పూర్తిగా పండకముందే కోసేశారు. 2016 విచిత్రమైనది. జూన్ దాకా వానలే వానలు, తర్వాత దాదాపు మూడు నెలలు చుక్క పడలేదు, సెప్టెంబరు మధ్యలో ఒక మంచి వాన పడి తోటలు తేరుకున్నాయి.

పాతవి దొరక్కపోయినా, ధర ఎక్కువనిపించినా 2016, 2018, 2021 మూడూ చాలు. 2018 ఎండ ఏడాది, ఆల్కహాల్ ఎక్కువ. 2021లో ఏప్రిల్ మంచు మొగ్గల్ని మాడ్చేసింది, వేసవి చల్లగా నడిచింది. లేబుల్ మీద ఆల్కహాల్ శాతం చూసినా తేడా తెలుస్తుంది: 2018లో చాలావాటికి 14 దాటి ఉంటుంది, 2021లో 13 చుట్టుపక్కల. మంచి ఏడాదులే ఏరుకుని కొంటే మాత్రం మీకేమీ రాదు. చెడ్డ ఏడాది ఒక్కటైనా వరసలో ఉండాలి. మా ఐదింటిలో నాకు ఎక్కువ నేర్పింది 2013.

2. సీసా ఎక్కడ పెరిగింది

వైన్ పుట్టిన ఏడాది ఎంత ముఖ్యమో, తర్వాత ఏ ఇంట్లో పెరిగిందన్నదీ అంతే ముఖ్యం. 12 నుంచి 14 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో, పడుకోబెట్టి ఉంచిన సీసాకీ షోకేసులో నిలబెట్టిన సీసాకీ పోలికే లేదు. విమానంలో పెద్దవాళ్లకి తలా రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా ఇండియాకి తెచ్చుకోవచ్చు. చాలామంది తెలుగిళ్లలోకి మంచి ఫ్రెంచ్ వైన్ వచ్చే దారి అదే. వచ్చాక ఏం జరుగుతుందో కూడా నాకు తెలుసు. మా అక్కకి నేనే ఇచ్చిన 2005 సీసా విజయవాడలో హాలు షోకేసులో రెండు ఎండాకాలాలు నిలబడింది. "మంచి రోజు చూసి తెరుద్దామని దాచాన్రా" అంది. తెరిస్తే ఉడికిన జామ్ వాసన, కిస్‌మిస్ వాసన. మే నెల ఎండ మొత్తం అందులోనే ఉంది. వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్ కింది అరలో పడుకోబెట్టండి. అది ఆదర్శమేం కాదు, కొన్ని నెలలకి పర్వాలేదు. షోకేసుకన్నా వెయ్యి రెట్లు నయం.

కొనేటప్పుడు రెండు చూడండి. ఒకటి, సీసాలో మట్టం. పదిహేనేళ్ల లోపు సీసాలో వైన్ మెడలోకి ఉండాలి. భుజం దాకా దిగిందంటే బిరడా పక్కనుంచి కారిందో, ఆవిరైందో, గాలి చొరబడిందో. రెండు, బిరడా పైకి పొడుచుకొచ్చి, రేకు కింద జిగురుగా ఉంటే వేడికి వైన్ ఉబ్బి బయటికి తన్నిందని అర్థం. అలాంటిది సగం ధరకి ఇచ్చినా వద్దు.

3. గదీ, గ్లాసూ, వరసా

సాంబ్రాణి, అగరుబత్తి, రూమ్ ఫ్రెషనర్, సెంటు ఆ పూటకి బంద్. వంటింట్లో పోపు వేయకూడదు. ఇంగువ వాసన తగిలాక ఏ షాటో అయినా ఒకటే. రుచి చూసేముందు రెండు గంటలు కారం, కాఫీ, వక్కపొడి ముట్టొద్దు. తెల్ల కాగితం పరిచిన టేబులు, మంచి వెలుతురు, మంచినీళ్లు, ఉప్పు లేని బ్రెడ్డు ముక్కలు.

గ్లాసు కింద వెడల్పుగా, మూతి దగ్గర కొంచెం ముడుచుకుని, కాడ ఉన్నదై ఉండాలి. ఖరీదు అక్కర్లేదు, కానీ అందరికీ, అన్ని వైన్లకీ ఒకే రకం ఉండాలి. గ్లాసు మారితే వాసన మారుతుంది, మీరు దాన్ని ఏడాది ఖాతాలో రాసేస్తారు. సీసాలో 750 మిల్లీలీటర్లు. మనిషికి 50 చొప్పున పోసినా పదిహేను మందికి వస్తుంది. మేం ఎనిమిది మందిమి చాలనుకుంటాం, రెండోసారి పోసుకోవడానికి మిగలాలి.

వేడి 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. 'రూమ్ టెంపరేచర్' అన్నమాట చలిదేశపు పాత రాతి ఇళ్లది. హైదరాబాద్ హాల్లో 30 డిగ్రీల దగ్గర పోస్తే ఆల్కహాల్ ముక్కుని పొడుస్తుంది, మిగతాదేదీ బయటికి రాదు. ఫ్రిజ్‌లో ఓ అరగంట, ముప్పావుగంట పెట్టి తీయండి. మరీ చల్లబడితే వగరు చేదెక్కినట్టు అనిపిస్తుంది. అప్పుడు గ్లాసుని అరచేతుల్లో పట్టుకుంటే సరి.

సీసాలకి గుడ్డ చుట్టి, అంకెలు వేసి, ఏది ఏదో రుచి చూడని మనిషికి అప్పగించండి. ఇది చాదస్తం కాదు. 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ తయారీ చదివే 54 మందికి వాసన లేని ఎర్ర రంగు కలిపిన వైట్ వైన్ ఇచ్చారు. చదువుకున్నవాళ్లే, ముక్కుపుటాలు ఎగరేసి మరీ రెడ్ వైన్ వాసనలు వర్ణించారు. కన్ను ముక్కుని అంత తేలిగ్గా బోల్తా కొట్టిస్తుంది. లేబుల్ మీద 2013 అని చదివితే మీ నాలుక ముందే మొహం ముడుచుకుంటుంది.

ఇంకోటి. ఉమ్మేయడానికి పక్కన ఒక పాత్ర ఉండాలి. మనకి ఎంగిలి పట్టింపు, నలుగురిలో ఉమ్మడం ఎబ్బెట్టుగా ఉంటుంది. తలా ఒక పేపరు కప్పు ఇచ్చేస్తే గొడవ ఉండదు. ఐదు గ్లాసులు మింగితే సీసాలో మూడో వంతు లోపలికి పోయినట్టు. నాలుగో వైన్ దగ్గరికొచ్చేసరికి అన్నీ అద్భుతంగానే ఉంటాయి. మింగినా ఉమ్మినా ఆ రాత్రి బండి మాత్రం వేరేవాళ్లు నడపాలి.

4. తెరవడం, వంచడం

పదేళ్లు దాటిన సీసాని ఒక రోజు ముందే నిలబెట్టండి. అడుగున మడ్డి దిగుతుంది. అది రంగూ, వగరూ కలిసి గడ్డకట్టి కిందికి జారినదే. విషమేం కాదు గానీ నోట్లో పడితే ఇసుకలా, చేదుగా ఉంటుంది.

2005 సీసాని మేం వంచిన తీరు చెబుతాను. రేకు మొత్తం ఒలిచేశాం. బిరడా సగానికి విరిగింది. పాతవాటితో ఇది మామూలే. మిగిలిన సగాన్ని రెండు సన్నటి రేకులుండే ఓపెనర్‌ని అంచుల్లోకి దించి, మెలిపెడుతూ లాగాం. ఫోన్ టార్చి వెలిగించి, వెలుగు పైకి పడేలా టేబులు మీద పెట్టి, ఆ వెలుగు మీద సీసా మెడ వచ్చేలా పట్టుకుని, ఒక్క ధారగా డికాంటర్‌లోకి, అంటే వెడల్పాటి గాజు కూజాలోకి, వంచాం. మధ్యలో ఆపకూడదు. ఆపితే సీసా వెనక్కి ఒరిగి మడ్డి లేస్తుంది. చివరి రెండు వేళ్ల వైన్ మిగిలుండగా మెడలోకి పొగలాగా ఒక నల్లటి తీగ పాకింది. అక్కడ ఆపేశాం. చారు వంచేటప్పుడు అడుగు పప్పు రాకుండా ఆపే చెయ్యి ఉంటుందే, అదే చెయ్యి.

పాత వైన్‌ని మడ్డి కోసం వంచుతాం, వెంటనే తాగేస్తాం. కుర్ర వైన్‌ని గాలి కోసం వంచుతాం. 2010, 2016 లాంటివాటికి రెండు గంటలు గాలి తగలనివ్వండి. వర్టికల్‌లో అన్నింటికీ ఒకే సమయం ఇవ్వాలని కొందరు పట్టుబడతారు. నేను ఒప్పుకోను. ముసలాయనకీ కుర్రాడికీ ఒకే పరుగు పందెం ఏంటి?

5. కన్ను

ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు. గ్లాసుని తెల్ల కాగితం మీద వంచి అంచు చూడండి. కుర్ర వైన్ అంచు నేరేడు పండు తిన్న నాలుక రంగులో ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ దానిమ్మ రంగు, తర్వాత ఇటుక రంగు. అంచు ఎంత వెడల్పుగా పాలిపోతే అంత వయసు. మా 2013 సీసా 2010 కన్నా మూడేళ్లు చిన్నదైనా అంచు దానికన్నా పాలిపోయి ఉంది. నీరు పట్టిన ద్రాక్షలో రంగు తక్కువ, అది తొందరగా ముసలిదవుతుంది. గ్లాసు గోడల మీద జారే కన్నీటి చారల్ని చూసి కొందరు తలలాడిస్తారు. అవి ముఖ్యంగా ఆల్కహాల్ గురించే చెబుతాయి, నాణ్యత గురించి ఏమీ చెప్పవు.

6. ముక్కు

ముందు గ్లాసు తిప్పకుండా ఒకసారి వాసన చూడండి. తర్వాత నాలుగు చుట్లు తిప్పి మళ్లీ చూడండి. చిన్న చిన్న పీల్పులు చాలు, ఆవిరి పట్టినట్టు లాగక్కర్లేదు.

ఫ్రెంచివాళ్ల జాబితా బట్టీ పట్టొద్దు. మీ ముక్కుకి తెలిసిన వాసనలతో మీ జాబితా కట్టుకోండి. నాది ఇది. కాబెర్నేలో వాళ్లు బ్లాక్‌కరెంట్ అనేచోట నాకు నేరేడు పండు. మెర్లోలో మాగిన ఆల్‌బుఖరా. సరిగా పండని కాబెర్నేలో అప్పుడే కోసిన పచ్చి కాప్సికమ్. ఇది ఊహ కాదు, ఆ రెండింటిలోనూ ఆ వాసనకి కారణం ఒకే రకం పదార్థం, పైరజీన్. ఎండ బాగా తగిలిన ఏడాది అది కరిగిపోతుంది, చల్లటి ఏడాది మిగిలిపోతుంది. అందుకే ఏడాదిని పట్టుకోవడానికి ముక్కుకి దొరికే మొదటి ఆధారం అదే. 225 లీటర్ల ఓక్ పీపాల నుంచి వచ్చేవి లవంగం, వనిల్లా, కాల్చిన చెక్క. సెడార్ అంటే నాకు తెలియలేదు గానీ, పెన్సిల్ చెక్కినప్పుడు షార్ప్‌నర్‌లోంచి వచ్చే పొట్టు వాసన అదేనని తెలిశాక మరి మర్చిపోలేదు. పొగాకు అంటే సిగరెట్టు కంపు అనుకోకండి. ఒంగోలు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ తలుపు తీసినప్పుడు గుప్పుమనే తియ్యటి ఆకు వాసన. వయసు మీద పడ్డాక వచ్చేవి తోలు, ఎండుటాకులు, పుట్టగొడుగు, తొలకరి మట్టి.

ఇలా మూడు వరసలు: ద్రాక్షవి, పీపావి, వయసువి. నోట్ పుస్తకంలో వాసనల పేర్లకన్నా ఏ వరస పైన ఉందో రాసుకోవడం ముఖ్యం. పదేళ్లయినా పీపా వాసనే ముందు తగులుతుంటే ఆ షాటో పీపా మీద ఆధారపడిందన్నమాట. నాకు అది నచ్చదు.

7. నోరు

అసలు పని ఇక్కడే. కానీ వైన్ కన్నా ముందు ఇంట్లో ఒక చిన్న అభ్యాసం చేయండి, ఒక్కసారి చేస్తే జన్మంతా పనికొస్తుంది. ఒక గ్లాసులో పాలు, చక్కెర లేకుండా బాగా మరిగించి చల్లార్చిన టీ డికాషన్. రెండో గ్లాసులో నిమ్మరసం పిండిన నీళ్లు. మూడో గ్లాసులో రెండూ సగం సగం.

నిమ్మనీళ్లు పుక్కిలించి ఉమ్మండి. బుగ్గల పక్కనుంచి నీరూరుతుంది. అది పులుపు. డికాషన్ పుక్కిలించి ఉమ్మి, నాలుకతో పై చిగుళ్లు రాయండి. నాలుక జారదు, గరుకుగా పట్టేస్తుంది. పచ్చి జామకాయ కొరికినప్పటిలాగే. అది వగరు. పులుపు నీరూరిస్తుంది, వగరు నీరు పీల్చేస్తుంది. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోవడమే కొత్తవాళ్ల ఇబ్బంది. ఇప్పుడు మూడో గ్లాసు. పులుపు తోడయ్యేసరికి వగరు ఇంకా కరకుగా తోస్తుంది. చల్లటి ఏడాది వైన్లు ఎందుకు గీసినట్టుంటాయో ఈ గ్లాసు చెప్పేస్తుంది. చివరగా డికాషన్‌లో కాసిని పాలు పోసి చూడండి. వగరు మాయం. ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ టీ ఆకులోనూ ఉండే టానిన్ ప్రోటీన్‌ని చూస్తే అతుక్కుంటుంది. పాలు లేనప్పుడు మన లాలాజలంలోని ప్రోటీన్‌ని పట్టుకుంటుంది, అందుకే నోరు ఎండుతుంది. పాలుంటే వాటినే పట్టుకుని మనల్ని వదిలేస్తుంది.

ఇక వైన్. ఒక పెద్ద చెంచాడు నోట్లోకి తీసుకుని, పెదాలు కొంచెం తెరిచి గాలి లోపలికి లాగి, పది సెకన్లు నోరంతా తిప్పండి. వరసగా చూడాల్సినవి ఇవి. పండు నోట్లోకి వచ్చిన వెంటనే తెలుస్తుందా, నడుమ కూడా నిలుస్తుందా? పులుపు ఎంత నీరూరిస్తోంది? చిక్కదనం నీళ్ల మజ్జిగా, గడ్డపెరుగు చిలికిన మజ్జిగా? గొంతులో ఆల్కహాల్ వెచ్చగా ఉందా, మండుతోందా? వగరు ఎంత, ఎలాంటిది?

వగరు 'ఎంత' కన్నా 'ఎలాంటిది' అన్నదే నాణ్యత చెబుతుంది. దాని పోగు చూడాలి. గరుకు నేత గుడ్డలా ఉందా, పాత నూలు చీరలా మెత్తగా ఉందా, మఖ్మల్‌లా ఉందా? చిగుళ్ల ముందు భాగంలో మాత్రమే పట్టేసిందా, నోరంతా సమంగా పరుచుకుందా? పండిన టానిన్ ఎంత బలంగా ఉన్నా సమంగా పరుచుకుంటుంది, తర్వాత కరుగుతుంది. పచ్చి టానిన్ కొంచెమే ఉన్నా ఒకచోట గుచ్చుకుని, చివర్లో చేదు మిగులుస్తుంది. కరక్కాయ వగరుకీ నేరేడు పండు వగరుకీ ఉన్న తేడా ఇదే.

ఆ రోజు మూడో అంకె గ్లాసులో పులుపు ముందు వచ్చింది. పండు రెండు సెకన్లు కనిపించి నడుమ ఖాళీ అయిపోయింది. తర్వాత వగరు వచ్చింది, అదీ పలుచగా, చిగుళ్ల ముందు మాత్రమే. కాప్సికమ్ ముక్కులో సన్నగా. గుడ్డ విప్పకముందే నలుగురం 2013 అని రాశాం. కానీ చెడిపోయిన వైన్ కాదది. చల్లటి కూరగాయల సూప్ ఎలా బాగుంటుందో అలా బాగుంది. చెడ్డ ఏడాదిలో ఆ షాటోవాళ్లు బలవంతాన రంగూ వగరూ పిండకుండా, తేలిక వైన్‌గానే వదిలేయడం నాకు నచ్చింది. తెలివైన చెయ్యి ఎక్కడుందో బయటపడేది ఇలాంటి ఏడాదుల్లోనే.

ఐదో గ్లాసు దానికి సరిగ్గా ఎదురు. అప్పటికే పదేళ్లు దాటినా నాలుకని కట్టిపడేసింది. నా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు: "రంగు నడుమ నలుపు, అంచు దానిమ్మ. నేరేడు, పెన్సిల్ పొట్టు, పచ్చి పొగాకు. పులుపు ఎక్కువ, పండు ఎక్కువ, వగరు చాలా ఎక్కువ, సమంగా ఉంది, నోరంతా. కరక్కాయ నమిలినట్టు. ఇప్పుడు ఆనందం తక్కువ, గౌరవం ఎక్కువ. ఇంకో పదేళ్లు." అది 2010. 2009 అందరికీ నచ్చే మనిషి, తియ్యగా మాట్లాడుతుంది. 2005 వాసనే అరగంట పీల్చుకుంటూ కూర్చున్నాం. 2016లో 2010 ఎముక ఉంది, 2009 కండ ఉంది.

8. చెడిందా, నచ్చలేదా

ఈ రెండూ వేరు. వైన్ తడిసి ముక్కిన అట్టపెట్టెలా, పాత గోనెసంచిలా వాసన వేస్తే అది బిరడా చేసిన ద్రోహం, టీసీఏ అనే పదార్థం. లీటరులో కొన్ని నానోగ్రాములు చాలు పండుని చంపేయడానికి. గాలి తగిలేకొద్దీ ఇంకా ఎక్కువవుతుంది, తగ్గదు. ఓసారి నేను కొన్న సీసా ఇలాగే ఉంటే కొట్టుకి తీసుకెళ్లాను. "పాత బోర్డో అలాగే ఉంటుంది మస్యూ" అన్నాడాయన, నా మొహం చూసి. రెండో సీసా తెరిపించి పక్కన పెట్టాక ఇంకేమీ అనలేకపోయాడు. మీరూ మొహమాటపడొద్దు. సగం సీసా తాగేశాక తీసుకెళ్లకండి, అంతే.

కోసి వదిలేసిన ఆపిల్ ముక్కలా, రంగు గోధుమలోకి తిరిగి ఉంటే గాలి చొరబడింది. జామ్, కిస్‌మిస్ అయితే ఎండదెబ్బ. పశువుల కొట్టం, గుర్రం జీను వాసన వస్తే అది బ్రెట్టనోమైసిస్ అనే ఈస్టు. కాస్త ఉంటే పాత బోర్డోకి అదో అందం అనేవాళ్లున్నారు. పేడ వాసన మనకి కొత్తా ఏంటి గానీ, పండుని కప్పేస్తే నేను మార్కులు కోస్తాను. అగ్గిపుల్ల, కుళ్లిన గుడ్డు వాసన అయితే కంగారు పడకండి, గాలి తగిలితే చాలాసార్లు పోతుంది.

9. తూకం

ఉమ్మేశాక మనసులో లెక్కపెట్టండి. మండటం, ఎండటం కాదు, వాసనతో కూడిన రుచి ఎన్ని సెకన్లు నిలిచింది? ఫ్రెంచివాళ్లు ఈ సెకనుకి ఒక పేరే పెట్టారు: కొడాలీ. అవును, మన కృష్ణా జిల్లా ఇంటిపేరులాగే వినిపిస్తుంది. నేను మొదటిసారి విని పగలబడి నవ్వితే ఎవరికీ అర్థం కాలేదు. లాటిన్‌లో తోక అనే మాట నుంచి వచ్చింది. నాలుగైదు కొడాలీలు మామూలు వైన్. పది దాటితే గొప్పదానికి దగ్గరపడ్డట్టు. మా 2013 ఐదు, 2005 పన్నెండు.

వందకి మార్కులు వేసే పద్ధతిని అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ప్రచారంలోకి తెచ్చాడు. 1982 బోర్డోని మొదట్లోనే ఆకాశానికెత్తి పేరు తెచ్చుకున్నవాడు. 91కీ 92కీ తేడా ఏంటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మేం 20కి వేస్తాం: ముక్కుకి 5, మూడింటి పొందికకి 6, వగరు పోగుకి 4, తోకకి 5. రంగుకి సున్నా. పొందిక అంటే పండు, పులుపు, వగరు ఒకదాన్నొకటి మోయడం. పప్పుచారులో పులుపు, ఉప్పు, కారం కుదిరిందో లేదో చెప్పడానికి మీకు ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు కదా, అలాగే. మూడూ ఎక్కువగా ఉన్నా పొందికే, మూడూ తక్కువగా ఉన్నా పొందికే. ఒక్కటి విడిగా నిలబడితే కాదు.

మార్కులు వేశాక గుడ్డలు విప్పే ముందు ఇంకో రెండు ప్రశ్నలు రాసుకోండి. ఐదు గ్లాసుల్లోనూ మారకుండా ఉన్నదేంటి? మాకైతే పెన్సిల్ పొట్టు, చివర్లో ఒక ఉప్పటి జాడ. అది ఆ తోట, ఆ చెయ్యి. మారినదేంటి? అది ఆ ఏడాది. ఈ రెండింటినీ విడదీయగలిగిన రోజు వర్టికల్ డబ్బులు గిట్టినట్టే.

ఇంకా ఎన్నేళ్లు ఆగచ్చో కూడా అంచనా వేయండి. వయసుని మోసేది పులుపు, వగరు. కానీ వాటి వెనక పండు ఉంటేనే. పండు అప్పటికే పలచబడి, వగరు మిగిలి ఉంటే దాచకండి. వగరు కరిగేసరికి పండు ఉండదు. చెడ్డ ఏడాది వైన్‌ని దాచి మంచిది చేయలేం.

10. అన్నం, మర్నాడు

తూకం అయ్యాకే తిండి. మెదోక్‌లోని పొయాక్ ఊరివాళ్లు తమ వైన్‌తో పాలు తాగే వయసు గొర్రెపిల్ల మాంసం తింటారు. టీలో పాలు చేసిన పనే ఇక్కడ మాంసం చేస్తుంది, జున్ను చేస్తుంది. గోంగూర మటన్ జోలికి మాత్రం పోకండి. కారం, పులుపు, టానిన్, ఆల్కహాల్ నాలుగూ కలిసి నోట్లో కొట్టుకుంటాయి. మిరియాలు, వెల్లుల్లి, కాస్త నెయ్యి వేసి, కారం తగ్గించి వేయించిన వేట మాంసమైతే 2009తో భేషుగ్గా ఉంటుంది.

ప్రతి సీసాలోనూ ఒక గ్లాసు మిగల్చండి. బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు సాయంత్రం బయటికి తీసి ఓ గంట ఆగి మళ్లీ చూడండి. ఇది అన్నిటికన్నా చవకైన, నిక్కచ్చి పరీక్ష. 2005 అలిసిపోయింది. ముసలిది కదా, దాన్నేం అనలేం. 2013 నీళ్లయిపోయింది. 2010 గ్లాసు మాత్రం నేను పట్టుకునే ఉండగా మా ఆవిడ తీసుకుని ఓ గుక్క తాగింది. ఆవిడ ఈ గోలలోకి రాదు, ముందురోజు ఒక్క చుక్క రుచి చూసి మొహం చిట్లించింది. "నిన్న కరక్కాయ. ఇవాళ నేరేడు పండు," అని గ్లాసు నా చేతికివ్వకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. నా పుస్తకంలో 2010 కింద ఆ మాటే రాసి, మార్కు ఒకటి పెంచాను.